ఉప్పుకోట ద్వారపాలకుడు బతికే ఉన్నాడు

ప్యాంటు పొడవు తగ్గించుకుందామని ఆవిడ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ప్యాంటుతో పాటు ఒక అభిప్రాయం కూడా పట్టుకుని తిరిగొస్తారు. అడక్కపోయినా ఇస్తుంది. "ఉప్పుకోట" అని ఏడు భాగాల నవల ఒకటుంది. రాజులు, రాణులు, మంత్రగాళ్ళు, మంచు దేశాలు. ఒక్కో భాగం తలకింద పెట్టుకుంటే వేరే దిండు అక్కర్లేదు. ఆరు భాగాలు వచ్చేశాయి, ఏడోది రావాలి. ఆ ఆరింటి మీదా ఆవిడకున్నన్ని అభిప్రాయాలు రాసినాయనకు కూడా ఉండవు. అందుకే అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, వీధి వీధంతా కోట పెద్దమ్మ అనే పిలుస్తుంది.

కోట పెద్దమ్మ కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సరిచేస్తుంది. జిప్పులు మారుస్తుంది, నడుములు బిగిస్తుంది, అన్న కోటును తమ్ముడికి పట్టేలా చేస్తుంది. మెడలో టేపు, ఎడంచేతి పక్కన సూదుల డబ్బా, కుడిచేతి పక్కన కుట్లు విప్పే చిన్న కత్తి. ఆ చిన్న కత్తికి ఉన్నంత పని కుట్టుమిషనుకు కూడా ఉండదు. తొందరలో వచ్చి, "పైనుంచి ఒక కుట్టు వేసి ఇచ్చెయ్యండి" అనేవాళ్ళకు ఆవిడ బట్ట తిరిగిచ్చేస్తుంది. తప్పు కుట్టు మీద ఇంకో కుట్టు పడకూడదు, ముందు విప్పాలి. ఈ ఒక్క విషయంలో దేవుడు దిగొచ్చి చెప్పినా వినదు.

ఉప్పుకోట మీద ఆవిడ తీర్పులు కూడా ఇంత ఖరాఖండీగానే ఉంటాయి. మూడో భాగంలో విందు సగం పుస్తకాన్ని మింగేసిందంటుంది. జోస్యాలు చెప్పే ముసలివాళ్ళు ఎక్కువయ్యారంటే రచయితకే దారి తెలియడం లేదని అర్థమంటుంది. అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు సైన్యం మీద. అంతమంది అన్నాళ్ళు మంచులో నడిస్తే ఒక్కడికీ బొత్తాం ఊడదా, ఒక్కడి మోకాలి దగ్గరా చిరగదా అని అడుగుతుంది. వెనకాల ఒక్క దర్జీ కూడా లేకుండా గెలిచిన యుద్ధాన్ని ఆవిడ గెలుపు కింద లెక్క వెయ్యదు.

ఊహలు కూడా చేస్తుంది. చేసిన ఊహలన్నీ నిలబడ్డాయని చెప్పలేం. మంత్రగాడి కోటుకు బొత్తాలు రెండో భాగంలో కుడివైపు, మూడో భాగంలో ఎడమవైపు ఉన్నాయి కాబట్టి మంత్రగాళ్ళు ఇద్దరని, కవలలని, ఏళ్ళ తరబడి వాదించింది. ఐదో భాగంలో మంత్రగాడు ఒక్కడేనని, వాడికి తోబుట్టువులే లేరని తేలిపోయింది. ఇంకొకరైతే తల దించుకునేవాళ్ళు. ఈవిడ మాత్రం, రచయితకు కోట్ల గురించి ఏమీ తెలియదని తేల్చేసి మళ్ళీ మిషను తొక్కుకుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అయితే ఒక్క ఊహను మాత్రం ఎవరూ నవ్వులాటకు తీసుకోనివ్వదు. అది ద్వారపాలకుడి సంగతి.

నాలుగో భాగంలో ఉప్పుకోట పడిపోతుంది. ఉత్తర ద్వారాన్ని ఎవరో లోపలినుంచి తెరుస్తారు. శత్రువులు చొరబడి ఆ ద్వారానికే నిప్పు పెడతారు. అక్కడ కాపలా ఉండే కుంటి ద్వారపాలకుడు ఆ మంటల్లో పోయాడని, తలుపు తీసిన ద్రోహి కూడా వాడేనని తర్వాతి రెండు భాగాల్లోనూ ప్రతి పాత్రా అంటుంది. శవం మాత్రం దొరకదు. మిగతా పాఠకులు వాణ్ణి అక్కడే వదిలేసి రాణుల వెంట పడ్డారు. కోట పెద్దమ్మ వదల్లేదు. వాడు బతికే ఉన్నాడు, తలుపు తీసింది వాడు కాదు, ఏడో భాగంలో వచ్చి తన నోటితో తానే చెబుతాడు. ఇదీ ఆవిడ మాట.

ఆవిడ భర్త ఒక గోదాముకు కాపలాదారుగా ఉండేవాడు. ఒకసారి తాళం పగలకుండానే సరుకు పోయింది. తాళం పగల్లేదంటే తీసింది కాపలావాడే కదా అన్నారు. నేను కాదు, నేను కాదు అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగి తిరిగి, ఆ తిరుగుడులోనే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత నిజమేమిటో కనుక్కోవాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. పోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు కదా. ఈ సంగతినీ పుస్తకంలో సంగతినీ ఎవరైనా ముడిపెడితే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. కథ చెప్పేవాళ్ళకు ఆ మొహమాటం లేదు. ముడి ఉంది, గట్టిదే ఉంది.

ఇంటి ముందుగదిలో ఒకపక్క ఆవిడ మిషను, రెండో పక్క కోడలి బైండింగు బల్ల. అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది. ఈ ఇంట్లో ఉప్పు ఉంది గాని అది కోటకే పరిమితం. కొడుకు లారీ నడుపుతాడు. ఇంటికొచ్చినప్పుడల్లా వీళ్ళిద్దరూ చిన్నరాణి మంచిదా కాదా అని వాదించుకుంటుంటే విని విని, లారీ ఇంజను చప్పుడే నయమనుకుంటూ మళ్ళీ ఎక్కి వెళ్ళిపోతాడు.

వాళ్ళ దగ్గరున్న నాలుగో భాగం పాత పుస్తకాల కొట్లో దొరికింది. అట్ట ఊడి, కింది అంచంతా తడిసి బూజు పట్టి ఉంది. కోడలు అప్పుడే బైండింగు నేర్చుకుంటోంది. ఇంట్లో ఎవరూ చదవకముందే దాన్ని బల్ల మీదికి తీసుకుంది. బూజు పోవాలని కింది అంచు కోసేసింది. పేజీల అంకెలు ఆ అంచుతోనే పోయాయి. "రేవు" అనే అధ్యాయం మొత్తం ఊడి చేతికొస్తే దాన్నీ చేర్చి కుట్టి, గట్టి అట్ట వేసి, అత్త చేతిలో పెట్టింది. కోడలు తన చేతులతో కట్టిన మొదటి పుస్తకమది. అత్త దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది.

ఆ పుస్తకంలోనే ఆవిడకు సాక్ష్యం దొరికింది. ద్వారం కాలిపోయిన తర్వాత "రేవు" వస్తుంది. అందులో ద్వారపాలకుడు కుంటుకుంటూ పడవల రేవుకొచ్చి, తెగిన చెప్పు బాగుచేసుకుంటూ పడవవాడితో వాన గురించి మాట్లాడతాడు. అంతే. రచయిత కథను ముందుకూ వెనక్కూ లాగే మనిషి కాబట్టి అతుకు ఎక్కడా తేడాగా అనిపించలేదు. మొదటిసారి అది చదివినప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇంత పెద్ద సంగతి ఎవరి కంటా పడలేదంటే మనుషులు రాణుల నగలు చూస్తూ పేజీలు తిప్పేస్తున్నారని అనుకుంది. కోడలూ అదే పుస్తకం చదివింది కాబట్టి అదే నమ్మింది. ఇద్దరూ ఆ సాక్ష్యాన్ని తురుపు ముక్కలా దాచుకున్నారు.

దాచుకోవడానికి కారణముంది. గ్రంథాలయం మేడమీది గదిలో నెలనెలా ఉప్పుకోట పాఠకులు కలుస్తారు. కొత్త భాగం వచ్చే ముందు నెలలో మాత్రం ఎవరి ఊహ వాళ్ళు నిలబడి చెప్పాలి, సాక్ష్యం పుస్తకంలోంచి చదివి వినిపించాలి. లెక్కల మాస్టారు దాన్ని నల్లబల్ల మీద రాస్తాడు. పుస్తకం వచ్చేదాకా చెరపడానికి వీల్లేదు. ఏడోదే చివరి భాగం కాబట్టి ఇక ఇంకో సమావేశం కోసం దాచుకోవడానికేమీ లేదు.

ఆ రోజు గది నిండిపోయింది. ముందు వరసలో గ్రంథాలయాధికారిణి కూర్చుంది. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలన్నీ ఇకమీదట బైండింగుకు కోడలికే ఇద్దామని ఆవిడ అనుకుంటోంది, వారంలో చెబుతానంది. కోడలు మంచి బట్టలు కట్టుకుని అత్త పక్కనే కూర్చుంది.

కోట పెద్దమ్మ లేచి తన మాట చెప్పింది. ద్వారపాలకుడు బతికే ఉన్నాడు, నిర్దోషి. మాస్టారు రాశాడు. తర్వాత ఆవిడ పుస్తకం తెరిచి, ద్వారం కాలిపోవడం చదివింది, పేజీ తిప్పింది, "రేవు" చదివింది. ముగించి తలెత్తింది. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మాస్టారు తన పుస్తకం తీసి చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"మరోలా అనుకోకండి పెద్దమ్మగారూ. రేవు అధ్యాయం ద్వారం కాలడానికి ముందు కదా వస్తుంది?"

వెనకనుంచి ఎవరో, మొన్న బొత్తాలు, ఇవాళ చెప్పులు అన్నారు. నవ్వులు లేచాయి. మాస్టారు తన పుస్తకాన్ని తెచ్చి ఆవిడ పుస్తకం పక్కన పెట్టాడు. నిజమే. అక్కడ రేవు ముందుంది. అంకెలతో సహా ఉంది.

కోట పెద్దమ్మ రెండు పుస్తకాలనూ కాసేపు చూసింది. మాస్టారి పుస్తకంలో అక్షరాల కింద రెండు వేళ్ళ జాగా ఉంది. తన పుస్తకంలో అక్షరాలు అంచు మీదికి వచ్చేశాయి. బట్ట ఎక్కడ ఎక్కువ కత్తిరించారో చూడగానే చెప్పే కన్ను అది. ఊడిపోయిన అధ్యాయం, లేని అంకెలు, నేర్చుకుంటున్న చెయ్యి, అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా గుండెల్లో పెట్టుకున్న సాక్ష్యం కాళ్ళకింద నేలలా జారిపోయింది. అది నిజంగా నొప్పి పెట్టింది.

పక్కకు చూసింది. కోడలికి కూడా తెలిసిపోయింది. కత్తివేటు వేసినా నెత్తురు చుక్క లేదు ఆ మొహంలో.

నా పుస్తకం బైండింగు తప్పింది అని ఒక్క మాట అంటే చాలు, నవ్వినవాళ్ళందరి నోళ్ళూ మూతపడతాయి. ముందు వరసలో గ్రంథాలయాధికారిణి కూడా ఆ మాట వింటుంది. కోడలు లేవబోయింది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి కూర్చోబెట్టింది.

"వెనకది ముందు, ముందుది వెనక చదివాను. పొరపాటు నాది" అంది.

మాస్టారు మంచివాడు. ఈ ఒక్కసారికి ఆనవాయితీ పక్కనపెట్టి బల్ల మీద రాసింది చెరిపేస్తానన్నాడు, గుడ్డ కూడా తీశాడు.

"సాక్ష్యం కొట్టెయ్యండి మాస్టారూ. మాట ఉండనివ్వండి."

సాక్ష్యం లేని మాట ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. పుస్తకం రావడానికి ఇంకా నెల ఉందని, అప్పటిలోగా వెతుక్కుంటానని ఆవిడ చెప్పి కూర్చుంది. మళ్ళీ కొందరు నవ్వారు. నల్లబల్ల మీద ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది.

ఇంటికొచ్చాక కోడలు బైండింగు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అత్త పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నేర్చుకునే రోజుల్లో అలా అంకెలు కోసేసి కట్టినవి ఇంకేమైనా ఉన్నాయా అని ముందుగా అడిగింది. లేవు, ఇదొక్కటే అని కోడలు చెప్పింది. అయితే బయటివాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది ఏమీ లేదంది అత్త.

"నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేశాను అత్తయ్యా. చెబుదామని లేస్తే ఎందుకు ఆపారు?"

"నింద పడ్డ మనిషి ఎలా తిరుగుతాడో ఈ ఇంట్లో ఒకసారి చూశాను. మళ్ళీ చూడలేను."

ఆయన గురించి ఆవిడ అంతమాత్రం మాట్లాడటం కూడా కోడలు వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంది. నాలుగో భాగాన్ని దగ్గరికి తీసుకుని, గట్టి అట్ట మీద చెయ్యి పెట్టి, మెల్లగా ఒక మాట అంది. దీన్ని ఇలాగే ఉంచేద్దాం. ఎవరికీ చూపించొద్దు. ఎవరి పుస్తకంలో ఎలా ఉన్నా, మన పుస్తకంలో ఆయన బతికే ఉంటాడు.

ఆయన అంది, వాడు అనలేదు. అత్త అది గమనించింది. ఆ పుస్తకం వైపు చూసింది. ఉంచేసుకోవాలని ఆవిడకూ ఉంది. లేదంటే అబద్ధం.

తర్వాత లేచి తన మిషను దగ్గరికి వెళ్ళి, కుట్లు విప్పే చిన్న కత్తి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"విప్పమ్మా. సరిగ్గా కుట్టు. నిజంగా బతికుంటే సరైన వరసలో కూడా బతికే ఉంటాడు."

కోడలు దీపం దగ్గరికి లాక్కుని మొదటి కుట్టు తెంపింది. కోట పెద్దమ్మ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, అల్మారాలోంచి మొదటి భాగం తీసి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.