చదునుగా కట్టిన టార్పాలిన్

ఐదో నెలలో గర్భం పోయాక మా ఇంట్లో మాటలు తగ్గాయి. నా జోకులు మాత్రం తగ్గలేదు. అందుకని మా ఆవిడ ఒక షరతు పెట్టింది. ఎక్కడికైనా వెళ్ళి ఒక రోజు ఉందాం, ఆ రోజంతా నేను మామూలు మనిషిలా మాట్లాడాలి. నా వల్ల కాకపోతే తను దేవనహళ్ళిలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతుంది. ఎన్నాళ్ళకని అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

అలా ఒక శనివారం బెంగళూరు నుంచి హొసకోటె అవతల తెలిసినవాళ్ళ మామిడితోటకి బయల్దేరాం. కె.ఆర్.పురంలో ఆగి నీలం టార్పాలిన్, నైలాను తాడు కొన్నాను. గుడారం కొందామని తనంది. నేను వద్దన్నాను. గోదావరి వైపు పుట్టి, పెళ్ళి పందిళ్ళు వేస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. నాలుగు మూలలు నాలుగు చెట్లకి కట్టడానికి వేరే చదువు అక్కర్లేదనుకున్నాను.

కట్టాను. బల్లలా చదునుగా, ఒక్క ముడత లేకుండా వచ్చింది. ఇంజనీరింగు చదివినా నా చేత్తో నేను కట్టింది అంతవరకూ ఏదీ లేదు కాబట్టి, కాసేపు దూరంగా నిలబడి చూసుకున్నాను.

తను బెంగళూరులోనే పుట్టి పెరిగింది. వాళ్ళ తెలుగు వేరు.

"ఇట్ల కడితే నీళ్ళు నిల్చుకుంటాయి గదప్పా. ఒక పక్క దించు."

"మా వైపు పందిళ్ళు ఇలాగే ఉంటాయి."

"మీ వైపు ఎండాకాలంలో పెండ్లిండ్లు చేస్తారు. ఇప్పుడు వానాకాలం ఉండాది."

దానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. షరతు గుర్తొచ్చి మింగేశాను. మధ్యాహ్నం దాకా అలా చాలా మింగాను. భోజనం వేళకి ఆకలి కూడా వేయలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరం చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. కాసేపటికి నడుమ నీళ్ళు చేరి, టార్పాలిన్ గుండ్రంగా మా తలల మీదికి దిగసాగింది. తాళ్ళు కిర్రుమంటున్నాయి.

"దీనికి ఎన్నో నెల?" అన్నాను.

నోట్లోంచి వచ్చాకే నాకు వినపడింది. పొద్దుటి నుంచీ అన్ని మింగి, చివరికి బయటికి వదిలింది ఇది.

తను నా వైపు చూడలేదు. పైకే చూస్తూ, "ఐదు," అంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మాట మా ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

తను లేచి, దిగబడిన చోట రెండు అరచేతులూ ఆనించింది. "లెయ్. నువ్వూ పట్టుకో."

పట్టుకున్నాను. చల్లగా, నేననుకున్నదానికంటే బరువుగా ఉంది.

"నువ్వు ఒక దినమన్నా ఏడ్చినావా?"

"ఏడ్చాను."

"యాడ?"

"ఆఫీసు పార్కింగులో. కారు అద్దాలు ఎక్కించుకుని, ఏసీ వేసుకుని."

"దినామూనా?"

"శని, ఆదివారాలు సెలవు."

తను నవ్వలేదు. నవ్వించాలని నేనూ అనలేదు. నిజంగా సెలవే.

"నేను ఇంట్లో ఒకదాన్నే ఏడుస్తా ఉంటి," అంది. "నువ్వు కారులో ఏడుస్తా ఉండావు. ఎంత పెట్రోలు దండగ!"

ఇద్దరం కలిసి పైకి నెట్టాం. నీళ్ళు బయటికి పోవాల్సింది పోయి చాప మీదే పడ్డాయి. తడిసిన దుప్పట్లతో ఆ రాత్రి కారులోనే గడిపాం.

పొద్దున తను, "దేవనహళ్ళిలో దించు," అంది. కారణం అడగలేదు. దారిలో ఒక్క జోకూ వేయలేదు. వేయాలనిపించలేదు కూడా.

వాళ్ళక్క ఇంటి ముందు దిగి, సంచి భుజానికి తగిలించుకుని, కిటికీ దగ్గరికి వంగింది.

"వచ్చే ఆదివారం రా."

"వచ్చి ఏం మాట్లాడను?"

"ఏమీ వద్దు. ఊరికే కూర్చో."

ఆ రోజు మాత్రం లోపలికి రమ్మనలేదు.