అమెరికా టైములో వర్జ్యం

పామ్‌టాప్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్ని. మా మేనేజరు గారు అమెరికా నుంచి ఆ అరచేతి కంప్యూటర్ ఒకటి తెప్పించుకున్నారు. పంచాంగం చూసి వర్జ్యాలన్నీ ఆఫీసు ఆన్‌లైన్ క్యాలెండర్లో ఎక్కించి, అందులోంచి ఆయన పామ్‌టాప్‌లోకి దించడం నా డ్యూటీ.

పొదిలిలో నా పెళ్ళిచూపులకి సెలవడిగాను. "వర్జ్యంలో సంతకం పెట్టనయ్యా, ఆగు" అని సాయంత్రం దాకా నిలబెట్టి, సంతకం పెట్టకుండానే ఆయన ఇంటికెళ్ళిపోయారు. నేను పొదిలి వెళ్ళలేదు. ఆ అమ్మాయికి వేరే సంబంధం కుదిరింది.

తర్వాతి వారం పామ్‌టాప్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, దాని టైము సెట్టింగు మళ్ళీ, వచ్చినప్పటిలా, అమెరికాకి మారింది. నేను చూశాను. పైకి కనిపించే గడియారం ఒక్కటే మన టైముకి తిప్పి, ఆ సెట్టింగు మార్చలేదు. క్యాలెండర్ దించగానే పగటి వర్జ్యాలన్నీ ముందురోజు రాత్రికి జరిగిపోయాయి.

శుక్రవారం ఆయన కొత్త కారుకి దండ వేసుకుని మిల్లుకొచ్చారు. రోజూ పంచాంగం చూసిగానీ ఇల్లు కదలని ఓనరు గారు వాచీ చూసుకుని, "ఏమయ్యా, నిండు వర్జ్యంలో తెచ్చావేం?" అన్నారు.

మేనేజరు గారు గబగబా పామ్‌టాప్ తీసి చూశారు. "ఇందులో నిన్న రాత్రికని ఉందేంట్రా?" అంటూ నా మీదికొచ్చారు.

"అమెరికా టైములో ఉన్నట్టుందండీ. అక్కడైతే ఇది మంచి వేళే" అన్నాను.

మేనేజరు గారు కారు మిల్లులోనే వదిలేసి ఆటోలో ఇంటికెళ్ళారు. పగ మంచిది కాదంటారు పెద్దలు. కావచ్చు. ఆ ఆటో గుర్తొచ్చిన రోజు మాత్రం నేను రెండు ముద్దలు ఎక్కువే తింటాను.