వజీరా మేడం వ్యంగ్యం పాఠం

మట్టెవాడ బడిలో తెలుగు చెప్పే వజీరా మేడం నాటకం పాఠం తీసిందంటే కొంగు తలపాగా అవుతుంది, స్కేలు కత్తి అవుతుంది. పాత్ర పైకి ఒకటంటూ లోపల ఇంకోటి అనుకునే చోటు, అంటే వ్యంగ్యం, పట్టుకోమంటే మాత్రం పిల్లలు బిక్కమొహం వేస్తారు. భర్త చనిపోయి ఏడాదైనా, ఎవరడిగినా ఆమె "మా సారు క్యాంపుకు పోయిండు" అనే అంటుంది.

నిన్న నాటకంలో ఒక తల్లి బిడ్డతో "మీ నాయిన దూరం పోయిండమ్మా" అంది. చావుకు కప్పిన మెత్తని మాట అది. దాని అర్థం అడగబోయిన మేడం బోర్డు వైపు తిరిగింది. క్లాసంతటికీ సారు సంగతి తెలుసు. ముందు బెంచీ శ్రీనిధి లేచి, "ఏదో పనిమీద పోయుంటడు మేడం, వస్తడు తియ్యుండ్రి" అంది. "అవ్ మేడం" అన్నారు అందరూ. మేడం కళ్లు తుడుచుకుని, "ఇంత మొద్దు క్లాసు వరంగల్ల ఇంకోటి లేదు పో" అంది.

"వ్యంగ్యం మేడం!" అని క్లాసంతా అరిచింది.