సుగుణ సిస్టర్ తీసిన నీలం తలుపు

మా సుగుణ సిస్టర్ ఇక లేరన్న వార్త అందినప్పుడు నేను పిండి గిర్ని మలుపులో నిలబడి ఆమె మీదే విసుక్కుంటున్నాను. రోజూ పొద్దున ఆరింటికి అక్కడ కలిసి నడకకు బయలుదేరడం మా అలవాటు. ఆరున్నర దాటింది. ఈమెకు ఇవాళ ఏ గోడ దొరికిందో, ఫోటో తీస్తూ ఎక్కడ ఆగిపోయిందో అని సణుక్కుంటుండగా ఆమె కూతురు దీవెన ఫోన్ చేసింది. “ఆంటీ, అమ్మ లేస్తలేదు” అన్నది, అంతే. నిద్రలోనే ఆ పుణ్యాత్మురాలు ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఆఖరి రోజు కూడా ఆమెను తిట్టుకున్న నోరు నాది, ఏం చెప్పను!

కరీంనగర్‌లో మా వాడ ఆరోగ్య కేంద్రంలో ఆమె ముప్పై ఏళ్లు నర్సు. ఆమె చేతికింద పని నేర్చుకున్నవాళ్లలో నేనొకతెను. నిరాడంబరత, కర్తవ్యదీక్ష అనే మాటలు సంస్మరణ సభల్లో అందరికీ వాడతారు గానీ, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బాలింత ఇంటికి గొడుగు వేసుకుని పోయి, దాన్ని ఆ బాలింతకే ఇచ్చి ఎండలో వచ్చిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.

పదవీ విరమణ తర్వాత దీవెన కొనిచ్చిన ఫోనుతో ఆమెకు ఫోటోల పిచ్చి పట్టింది. పిచ్చి అనే అంటాను, ఆమె ముందు కూడా అనేదాన్ని. వాన వెలిసిన పొద్దున మోరీ కాలువ పక్కన కూర్చుని, ఫోను తలకిందులుగా పట్టి, నీళ్లలో కనబడే కరెంటు తీగలను ఫోటో తీసేవారు. ఒకరోజు దండెం మీద చీరల నీడ, ఇంకోరోజు గడప దగ్గర ఒంటి చెప్పు. సగం బొమ్మల్లో ఆమె వేలే అడ్డం. ఒకటీ మంచిగ వస్తలేదు గదా సిస్టర్ అని ఎగతాళి చేస్తే, చిన్నపిల్లలా నవ్వేవారు. “మంచిగ రావాలె అని తీస్తలేను చెల్లె. ఎట్లొస్తదో సూద్దామని తీస్తున్న” అనేవారు. మనుషులను తీయరేమని అడిగితే, ముప్పై ఏండ్లు మనుషులనే సూశిన, వాళ్ల ఇండ్లను ఎన్నడు సూశిన అన్నారు.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఆమె తీసింది పాత మసీదు వెనక సందులోని ఒక నీలం తలుపును. అక్కడికి రాగానే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఎందుకో ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాను.

పోలియో చుక్కలు వేసిన పిల్లల వేలికి సిరా గుర్తు పెట్టి, ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని రాయాలి. తాళం ఉంటే ‘ఎక్స్’ రాసి మళ్లీ పోవాలి. ఆ రోజు ఆ తలుపుకు తాళం. ఆ ఇంట్లో ఉండే లచ్చవ్వ కుటుంబం పిల్లవాడి పుట్టెంట్రుకలకు వేములవాడ పోయింది. అదే సాయంత్రం జగిత్యాలలో మా చెల్లెలి నిశ్చితార్థం, నాకు బస్సు తొందర. ‘పి’ రాసేసి వెళ్లిపోయాను. తిరిగి వచ్చాక వేస్తానులే అనుకున్నాను. వారం తర్వాత వచ్చేసరికి వాళ్లు బతుకుతెరువుకు చెన్నూరు తరలిపోయారు. ఆ పిల్లవాడి కాళ్లు ఎట్లున్నాయో అన్న భయం అప్పటి నుంచి నన్ను విడవలేదు.

సంస్మరణ కూడికలో పెట్టడానికి అమ్మ తీసిన బొమ్మలు ఏరమని దీవెన ఫోను నా చేతికిచ్చింది. ఎండలో నీలం తలుపు, మంచులో నీలం తలుపు, వానలో నీలం తలుపు. ప్రతి దాంట్లో ఒక అంచున మొహం తిప్పుకుని నిలబడ్డ నేను! మనుషులను తీయనన్న మనిషి నన్నెందుకు తీసినట్టు? ఆమెకు తెలుసా? తెలిస్తే అడగలేదేం? లేక ఆ వేలు అడ్డం వచ్చినట్టే నేనూ అడ్డం వచ్చానా? నాలుగు రోజులు నా బుర్ర గిర్రున తిరిగింది. ఒక్క బొమ్మా ఏరలేకపోయాను.

చర్చిలో కూడిక ముగిశాక ఒక ముసలామె నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నది. లచ్చవ్వే. మా పాత ఇంటి మీద నాకు పాణం కొట్టుకుంటదని సిస్టరమ్మ తలుపు ఫోటోలు పంపుతుండె అన్నది. నేను పిల్లవాడి సంగతి అడిగాను.

“సిస్టరమ్మ శేతి సుక్కలే గదమ్మా వానికి. మేము ఎములాడ నుంచి వచ్చిన తెల్లారే ఒక్కతే వచ్చింది. పోరని వేలికి సిరా లేదని సూశి సుక్కలేసింది. మరి గోడ మీద ముందే రాసున్నదేందని అడిగితే, నేనే యాదిమరిచి రాసిన, తప్పు నాదే అన్నది.”

ఇరవై ఏళ్లు! ఒక్క మాట చెప్తే ఏం పోయేది సిస్టర్? రోజూ నన్ను ఆ తలుపు ముందు నిలబెట్టి, నా అంతట నేను నోరు తెరవాలని చూశారా? లేక లచ్చవ్వ కోసమే తీశారా? కోపపడాలో దండం పెట్టాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియడం లేదు. ఆ రాత రాసింది నేనని లచ్చవ్వకు చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి కేకేసింది.

“శీనూ, గీ అమ్మ దగ్గరికి రా బిడ్డ.”

చర్చి ఆవరణ అవతల కుర్చీలు సర్దుతున్న యువకుడు అవి దించి, మా వైపు నడిచి వచ్చాడు. నేను అతని మొహం చూడలేదు, కాళ్లే చూశాను. గబగబా ఫోను తీసి ఫోటో తీశాను. బొమ్మ అలికినట్టు వచ్చింది, మూలన నా వేలు కూడా పడింది. ఎట్లొచ్చిందో చూపించుకోవడానికి నాకు ఇప్పుడు ఎవరూ లేరు.