తెరచాప మీద సిరా

మొన్న బందరులో ఒక కాలేజీ హాలులో మన ప్రాంతపు పాత బొమ్మలు, ఫొటోలు పెట్టారని తెలిసి, మోకాళ్ల నొప్పులు పక్కనపెట్టి ఆటో ఎక్కాను. గుమ్మం దగ్గరే దొరల కాలపు అచ్చుబొమ్మలు, వాటిలో మన రేవు వెనకాల వరసగా కొండలు. బందరుకు కొండలెక్కడివండీ? వెనకాల బోసిగా ఉంటే బాగుండదనుకున్నాడు కాబోలు గీసినాయన. నవ్వుకుంటూ పులిగడ్డ అక్విడెక్టు ఫొటో దాటి వచ్చి, మంగినపూడి సముద్రం ఫొటో ముందు ఆగిపోయాను. అది మా మేనమామ తీసింది, పాడుచేసింది నేను.

చదువు అయ్యాక, ఉద్యోగం రాకముందు, మావయ్య స్టూడియోలో టచింగ్ పని చేసేదాన్ని. నెగెటివ్ మీద దుమ్ము ఉంటే ప్రింటులో తెల్లచుక్క పడుతుంది, దానిమీద సన్నని కుంచెతో సిరా అద్ది కనపడకుండా చేయాలి. నా కన్ను చురుకని మావయ్య నలుగురిలో మెచ్చుకునేవాడు, నేనూ తెగ మురిసిపోయేదాన్ని. ఆ రోజుల్లో చేపలవేట చేసే ఒక పెద్దాయన కొత్త పడవ కొనుక్కుని, దాని ఫొటో కావాలని వచ్చాడు.

"సముద్రం మాకు రోజూ ఉండేదేనండీ బాబుగారూ, మా పడవ కనపడాలి" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

మావయ్యకేమో వ్యూల పిచ్చి. లైట్‌హౌసు రావాలి, తాటిచెట్లు రావాలి, తీరమంతా రావాలి అంటూ వెనక్కి వెనక్కి జరిగి తీశాడు. దాంతో పడవ తెరచాప బియ్యపుగింజంత అయి కూర్చుంది. మావయ్య గుడివాడలో పెళ్లి ఫొటోలకు వెళ్లిన రోజున ఆ పెద్ద ప్రింటు నా చేతికొచ్చింది, నీళ్ల మీద తెల్లచుక్క కనబడగానే నా చురుకైన కన్ను ఊరుకోలేదు. మర్నాడు మావయ్యే దాన్ని పెద్దాయనకు ఇచ్చి పంపాడు. ఆ మధ్యాహ్నం, ముందు నమూనాగా వేసిన చిన్న ప్రూఫు సర్దుతూ చూస్తే, నేను కప్పేసింది దుమ్ము కాదు, తెరచాప. చెప్పలేదు. మావయ్య పోయేదాకా చెప్పలేదు. పడవ కోసం వచ్చిన మనిషికి ఒట్టి సముద్రం అంటగట్టామన్న సిగ్గు ఇన్నేళ్లూ నాతోనే ఉంది.

మొన్న ఆ ఫొటో పక్కన నిలబడ్డ ఒకామె, పెద్దాయన మనవరాలట, నేను అడక్కుండానే వేలుపెట్టి చూపించింది. "ఇదిగోండి, మా తాతయ్య పడవ. ఇంట్లో ఈ పటం తుడిచినప్పుడల్లా మా నాయనమ్మ ముందు దీన్నే వెతుక్కునేది."

కళ్లజోడు సవరించుకుని వంగి చూశాను. తెల్లగా తెరచాప ఉంది. ఆ గింజంత మేర కాగితం నునుపు పోయి గరుకుగా ఉంది. బ్లేడు మొనతో సిరా గీకి కింది తెలుపు బయటికి తీయడం మావయ్య చేతిపని, నాకు తెలియనిది కాదు. ఇచ్చేముందు చూసి సరిచేశాడన్నమాట. అక్కడే కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. ఇన్నేళ్ల బరువు దిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం నుంచే మావయ్య ప్రతి ప్రూఫు మీదా ముట్టకూడని చోట పెన్సిలుతో సున్నా చుట్టి ఇచ్చేవాడు. నామీద నమ్మకం లేదని అలిగాను కూడా. ఇప్పుడు ఫొటోలో అడ్డొచ్చినదాన్ని ఫోనులోనే వేలితో తుడిచేయవచ్చు, పిల్లలు నాకూ నేర్పారు. తుడవకూడని చోట సున్నా చుట్టి ఇచ్చే మావయ్యే లేడు.