నోట్సు సారు వద్దన్న పిల్ల

మా నోట్సు సారు పోయారు. తెనాలిలో నేను పనిచేసే మందుల షాపు షట్టర్ ఎత్తుతుండగా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. "బాపట్లలో, ఇంట్లోనేనంట. టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నారంట, అంతే." షట్టర్ సగంలోనే వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను. జ్వరం బిళ్లల కోసం వచ్చిన పెద్దాయన "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని నన్నే అడిగాడు.

ఆయన క్లాసులో నేను కూర్చున్నది ఒక్క రోజే. అయినా నాకు చదువు చెప్పింది ఎవరంటే ముందు ఆయన్నే తలుచుకుంటాను. అదెలాగో తెలియాలంటే తెనాలిలో మా కాలేజీ తిరకాసు ముందు చెప్పాలి.

ఇంటర్లో లెక్కలు చదివి బీఫార్మసీలో చేరిన మాబోటివాళ్లు మొదటి ఏడాది బయాలజీ పాసవ్వాలి. ఒంటి సంగతే తెలియకుండా ఒంటికి వేసే మందుల గురించి ఏం చదువుతాం? మాది రేపల్లె, రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. నాన్నకి స్టేషన్ దగ్గర కిరాణా కొట్టు. "ఒక్క సబ్జెక్టు పోయినా చదువు చాలు, వచ్చి కొట్టులో కూర్చో" అని చేరిన రోజే చెప్పేశాడు. మా నాన్న ఉత్తినే బెదిరించే మనిషి కాదు. నేనేమో కప్ప బొమ్మ ఉన్న పేజీ వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆ బయాలజీ చెప్పడానికి ఇద్దరుండేవారు. ఎవరి దగ్గర చేరాలో మొదటి వారంలో మేమే తేల్చుకోవాలి. ఒకరు నోట్సు సారు. ఆయన రాయించింది బట్టీ పట్టి, చివర్లో చెప్పే ఇంపార్టెంట్లు చూసుకుంటే పాసు ఖాయం. రెండోవారు మైక్రోస్కోపు మేడం. ఆవిడ నోట్సు ఇవ్వరు, ఇంపార్టెంట్లు చెప్పరు. మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి "ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పు" అంటారు. "మేడం దగ్గరకెళ్లావా, చచ్చావే" అన్నారు సీనియర్లు. ఇంకా ఆలోచించేదేముంది? పరుగున వెళ్లి సారు క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నాను.

ఆ రోజు గుండె గురించి రాయిస్తున్నారు. రక్తం ఇటు నుంచి అటు వెళ్తుంది అనగానే, నా నోరు ఊరుకోదుగా, "వెనక్కి ఎందుకు రాదు సార్?" అన్నాను.

"కవాటాలుంటాయి. రాసుకో."

"ఎప్పుడు మూసుకోవాలో వాటికెలా తెలుస్తుంది సార్?"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. గంట కొట్టాక వరండాలోకి పిలిచారు.

"అమ్మాయ్, నువ్వు మేడం క్లాసుకెళ్లు."

"తప్పుగా అడిగానా సార్?"

"లేదు తల్లీ. నీకు 'ఎందుకు' అనే జబ్బుంది. నా దగ్గర దానికి మందు లేదు. నేను పాసు చేయిస్తానంతే."

"నాకు కావాల్సింది కూడా అదే సార్!"

గోడకి చెప్పుకున్నట్టే అయింది. నా పేరు మేడం వైపు రాయించేదాకా ఆయన కదల్లేదు. రేపల్లె దాకా రైల్లో ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్లాను.

అనుకున్నంతా అయింది. మొదటి క్లాసు పరీక్షలో తప్పాను. ఆ సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద సారు కనిపించారు. ఆయన బాపట్ల నుంచి రోజూ రైల్లోనే వచ్చిపోయేవారు. నాకు దుఃఖం ఆగలేదు. "మీ వల్లే పోయింది సార్. పెద్ద పరీక్షలో కూడా తప్పితే మా నాన్న చదువు మాన్పించేస్తాడు. నన్ను మీ క్లాసులో చేర్చుకోండి" అని అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

ఆయన జేబురుమాలుతో బెంచీ తుడిచి కూర్చోమన్నారు. వేరుశెనక్కాయల పొట్లం మధ్యలో పెట్టారు. "ఇవాళ మేడం ఏం చెప్పారు?" అన్నారు.

"మీకు తెలీదా సార్?"

"ఆవిడ ఎలా చెప్పారో నాకు తెలీదుగా. చెప్పు."

ముక్కు తుడుచుకుంటూ ఏదో చెప్పాను. ఆయన గింజ నోట్లో వేసుకుని "ఎందుకు?" అన్నారు. "పుస్తకంలో అలాగే ఉంది సార్" అన్నాను. "ఇక్కడ దాటేశావు. రేపు మేడాన్నే అడుగు" అన్నారు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. నా బండి వచ్చేదాకా నేను పాఠం చెప్పాలి, ఆయన వినాలి. జవాబు ఆయన నోటి నుంచి ఒక్కసారీ రాలేదు. ఒలిచిన తొక్కలు మాత్రం కింద పడనిచ్చేవారు కాదు, మళ్లీ పొట్లంలోకే. "బట్టీ పట్టింది పరీక్ష హాలు గుమ్మం దాకే తోడొస్తుందమ్మా" అనేవారు. వెంటనే చుట్టూ చూసి, "నేనన్నానని మా క్లాసులో అనేవు!" అని నవ్వేవారు.

ఒకరోజు ఉల్లిపొరలో గదులు గదులుగా ఏం కనిపించిందో చెబుతుంటే ఆయన నమలడం ఆపేశారు. "నేను చదువుకున్నప్పుడు నాకెవరూ చూపించలేదు తల్లీ. బొమ్మ చూసి బొమ్మ గీశాను" అన్నారు. మర్నాడు మేడంతో చెప్పాను. ఆవిడ ఆయన్ని ల్యాబుకి పిలిచి చూపించారట. ఆ సాయంత్రం పాఠం ఆయనే చెప్పారు, చిన్నపిల్లాడిలా చేతులు తిప్పుతూ.

ఏడాది చివర పాసయ్యాను. నాన్న కొట్టుకి వచ్చినవాళ్లందరికీ పిప్పరమెంట్లు పంచాడు. సారుకి చెప్పబోతే, "మేడంకి చెప్పావా? ముందు ఆవిడకి చెప్పు, పో" అని తరిమేశారు.

నిన్న బాపట్ల వెళ్లాను. మాది రేపల్లె అనగానే సారు భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేనా అమ్మా! ఆ ఏడాదంతా చీకటి పడ్డాకే వచ్చేవారు. ఏంటండీ అంటే బండి తప్పిపోయిందనేవారు. రోజూ ఎలా తప్పుద్దండీ అని గట్టిగా అడిగితే, 'రేపల్లె పిల్ల ఒకతి పాఠం చెబుతోందే, మధ్యలో ఎలా లేచొస్తాను' అన్నారు."

ఆయన బండి నా బండి తర్వాతే ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. నేను రక్తం గురించో, వేర్ల గురించో చెబుతుండగా అవతలి ప్లాట్‌ఫారం మీదికి బాపట్ల వైపు బండి వచ్చి ఆగేది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, టీ అరుపులు, కూత. సారు అటు తల కూడా తిప్పకుండా, నా మొహంలోకే చూస్తూ, చెయ్యెత్తి నన్ను ఆపేవారు.

"ఆ గోల పోనీ తల్లీ, తర్వాత చెబుదువు."

బండి వెళ్లిపోయేది. నేను మళ్లీ మొదలుపెట్టేదాన్ని.