చెవితో వడికిన నూలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ నూలు వడకడం వచ్చు, నాకు తప్ప. మాది పొందూరు పక్కనే చిన్న ఊరు. మా నాయనమ్మ తీసే సన్న నూలు కోసం నేతగాళ్ళు మా అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవారు. అలాంటి మనిషికి మనవరాలినై పుట్టి, రాట్నం ముందు కూర్చుంటే చాలు, దారం తెంపేసేదాన్ని.

బడిలోనూ నా సంగతి అంతంత మాత్రమే. మేష్టారు నల్లబల్ల మీద రాసిందంతా గుండ్రటి అక్షరాలతో దించుకునేదాన్ని గానీ, పుస్తకం మూశానంటే బుర్రలో ఒక్క ముక్క మిగిలేది కాదు. అదే బస్సెక్కితే, శ్రీకాకుళం దాకా కండక్టరు అరిచిన ఊళ్ళ పేర్లన్నీ ఇంటికొచ్చి అదే గొంతుతో వరసగా అప్పజెప్పేదాన్ని. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవారు. దాన్ని తెలివని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఒక ఏడు ఆరో తరగతి తప్పాను. మా నాన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇంక బడెందుకమ్మా, నాయనమ్మ దగ్గర కూకొని పని నేర్సుకో" అన్నాడు మెల్లగా. పాఠాలు రాకపోయినా నాకు బడంటే ప్రాణం. సెలవులయ్యాక స్నేహితులంతా మా వీధిలోంచే వెళ్తారు, నేను గుమ్మంలో నిలబడి చూడాలి. అయినా పరీక్ష తప్పినదాన్ని, వెళ్తానని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

మా వైపు పత్తిని చేప దవడతో దువ్వుతారు. వాలుగ చేప దవడ ఎముక మీద దువ్వెన కన్నా సన్నటి పళ్ళుంటాయి. దాంతో దువ్వితే చెత్తంతా రాలిపోయి పీచు ఒక వరసలోకి వస్తుంది. ఆ దవడ మా దగ్గర దొరకదు. గోదావరి వైపు నుంచి ఎవరైనా తెస్తే కొనుక్కోవాలి. అందుకే నాయనమ్మ దాన్ని పాత గుడ్డలో చుట్టి దాచుకునేది.

మొదటి రోజు ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి దువ్వి చూపించింది. నేను కళ్ళార్పకుండా చూసి, చూసింది చూసినట్టే చేశాను. ఎదురుగా కూర్చున్నాను కదా, ఆవిడ తన వైపుకి లాగితే నేనూ ఆవిడ వైపుకే తోశాను. పీచుకి ఎదురు దువ్వేసరికి పటుక్కుమని నాలుగు పళ్ళు విరిగి పత్తిలో పడ్డాయి. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. నాయనమ్మ విరిగిన పళ్ళు ఏరి పారేసి, మిగిలిన వాటితోనే దువ్వుకుంది.

తర్వాత రాట్నం. "సూడే, సరిగ్గా సూడు" అనేది అమ్మ. నాయనమ్మ మాత్రం చూడమనేది కాదు. ఆవిడకి అప్పటికే చూపు మందగించింది. పనంతా వేళ్ళతోనే. "కళ్ళతో ఏటి పని? వేళ్ళ మజ్జిన దారం సన్నబడతంటే నీకే తెలుస్తాది" అంటూ నా బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుని ఏకు మీద పెట్టేది. ఏకంటే దువ్విన పత్తిని మెత్తగా చుట్టిన చుట్ట, అందులోంచే దారం లాగుతారు. నా వేళ్ళకి ఏమీ తెలిసేది కాదు. దారం తెగేది, అతికేది, మళ్ళీ తెగేది. వారం రోజులు ఇదే తంతు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రాట్నం పక్కకి తోసేసి పెరట్లోకి పోయాను. గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. బడికీ పనికిరాను, ఇంటికీ పనికిరాను, ఇంక దేనికి పనికొస్తానో నాకు తోచలేదు. గోడకి అటువైపు నాయనమ్మ వడుకుతోంది. దారం చుట్టుకునే కదురు జుయ్‌మని తిరుగుతోంది. వింటూ ఉండగా ఆ మోత కాస్త పైకి లేచి కీచుమంది. ఎందుకో నా నోట్లోంచి వచ్చేసింది.

"నాయనమ్మా, తెగిపోతాది!"

అన్నానో లేదో, తెగింది. ఆవిడ అతికించి మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపటికి మోత బరువెక్కింది. "లావొస్తన్నాది" అన్నాను ముక్కు చీదుకుంటూ. రాట్నం ఆగిపోయింది.

"ఒసే, కిటికీలోంచి సూస్తన్నావేటి?"

"నేదు. ఇక్కడే కూకున్నాను."

ఆ తర్వాత ఆవిడ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. ఏమీ ఎరగనట్టు మళ్ళీ వడకసాగింది, కాకపోతే ఈసారి కావాలనే పాడుగా వడికింది. ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా, ఒకసారి చక్రం వడిగా తిప్పి దారం మెలికలు పడేలాగ. చెడ్డ నూలు తియ్యడమంటే తలవంపులనుకునే మనిషి, నా కోసం మంచి ఏకులు నాలుగు తగలేసింది. గోడ ఇవతల నుంచి ఒక్కోటీ చెప్పాను. ఒక్కటీ తప్పలేదు.

లోపలికి పిలిచి నా కళ్ళకి తువ్వాలు కట్టింది. ఈసారి నా వేళ్ళు పట్టుకోలేదు. "ఇను. మోత పైకెల్తే లాగడం ఆపు. బరువెక్కితే లాగు. మరేటీ ఆలోసించకు" అంది. నేను తడబడినప్పుడల్లా ఆవిడ చెయ్యి నా వైపు వచ్చి మళ్ళీ వెనక్కి పోయేదట. చివరికి రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని కూర్చుందని తర్వాత అమ్మ చెప్పింది. నాకదేమీ తెలీదు. నేను వింటున్నాను. మూరెడు వచ్చింది, మరో మూరెడు వచ్చింది. తెగలేదు. తువ్వాలు విప్పి చూసుకుంటే కదురు మీద నా నూలుంది. పురికొస కన్నా కాస్త నయం, అంతే. అయినా నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

సాయంత్రం నాన్న వస్తే, కాళ్ళయినా కడుక్కోనివ్వలేదు నాయనమ్మ. "ఒరే, దీనికి బుర్ర నేదనుకున్నాం. ఉన్నాది. సెవిలో ఉన్నాది. బడి మానిపించకు" అంది. నాన్న నమ్మలేదు. అప్పుడు పక్కింటి అప్పని పిలిచింది. మా వైపు అక్కని అప్ప అంటాం. పదో తరగతి చదివే ఆ అప్ప చేత, నేను తప్పిన సాంఘిక శాస్త్రంలోంచి ఒక పాఠం బయటికి చదివించింది. అప్ప ఆపగానే నేను మొదలు నుంచి చివర దాకా చెప్పేశాను, మధ్యలో అప్ప తుమ్మిన తుమ్ముతో సహా. బడి తెరిచిన రోజున నాన్నే నా సంచి తెచ్చి భుజానికి తగిలించాడు.

అప్ప రోజూ పాఠాలు చదివి వినిపించేది. అలా ఆరు గట్టెక్కింది, పదీ పాసయ్యాను. అప్ప పెళ్ళయి నరసన్నపేట వెళ్ళిపోయాక నాకు నేనే బయటికి చదివి వినిపించుకునేదాన్ని. చెవితో నేర్చుకోవచ్చన్నదే ఆ రోజు నేర్చుకున్న పాఠమని చాలా ఏళ్ళు అనుకున్నాను.

నా కూతురికి చదువు చెప్పేటప్పుడు ఆ పాఠం సగమేనని తెలిసింది. రోజూ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని పాఠాలు గట్టిగా చదివి వినిపించేదాన్ని. అది దిక్కులు చూసేది. నేను ఇంకా గట్టిగా చదివేదాన్ని. మొద్దు అన్న మాట కూడా అన్నాను, ఏం దాచను. ఒకరోజు అది కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వలా మాటాడతంటే నాకేటీ కనబడదమ్మా" అంది.

పుస్తకం మూసేశాను. పెన్సిలూ కాగితం దాని ముందు పెట్టాను. అది పాఠాన్ని తన పాటికి తను చదువుకుంటూ బొమ్మలు గీసుకోసాగింది, గీతలు కలుపుకోసాగింది. ఒకచోట తప్పు చేస్తోందని నాకు కనిపిస్తూనే ఉంది. చెప్పాలని నాలుక దురద పెట్టింది. పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అదే చూసుకుని దిద్దుకుంది. ఇప్పుడు మనవలతో అయినా అంతే, అలాగే బిగబట్టుకుంటాను, ఏళ్ళ అలవాటున్నా ఏమంత తేలికవలేదు. నా పక్కన కూర్చుని చేతులు చంకల్లో దాచుకోవడానికి నాయనమ్మ ఎంత కష్టపడిందో నాకు తెలుసు.